ఉపగ్రహ ఉష్ణమాన చరిత్రలో దిద్దుబాట్లు: మైక్రోవేవ్ సౌండింగ్ యూనిట్ (1978–2005)

1990 మార్చి 30 నాటి ‘సైన్స్’ పత్రికలో రాయ్ స్పెన్సర్, జాన్ క్రిస్టీ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తల వ్యాసం వెలువడింది. ఉపగ్రహాల్లోని మైక్రోవేవ్ పరికరాలు 1979 నుంచి 1988 దాకా నమోదు చేసిన కొలతలను ఒక వరుసలో కూర్చి, భూగోళమంతటి కింది వాతావరణపు ఉష్ణోగ్రతలోని హెచ్చుతగ్గులను నెలవారీగా డిగ్రీలో నూరో వంతు సూక్ష్మతతో చూపగలిగామని వారు ప్రకటించారు. ఆ పదేళ్లలో స్పష్టమైన ధోరణి ఏదీ కనిపించలేదన్నది వారి రెండో ప్రకటన. పదిహేనేళ్లకు పైగా గడిచాక, 2005 ఆగస్టులో, అదే పత్రికలో కార్ల్ మియర్స్, ఫ్రాంక్ వెంట్జ్‌ల వ్యాసం వచ్చింది. స్పెన్సర్, క్రిస్టీలు తమ వరుసలో చేసిన ఒక దిద్దుబాటుకు ఉష్ణమండల ప్రాంతంలో గుర్తే తారుమారయిందని, కలపవలసిన చోట తీసివేశారని అది చూపింది. ఈ రెండు వ్యాసాల నడిమి కాలమే ప్రస్తుత పరిశీలనకు విషయం.

ఆ పదిహేనేళ్ల వివాదాన్ని కంప్యూటర్ నమూనాలకూ ప్రత్యక్ష పరిశీలనకూ మధ్య జరిగిన పోరుగా వర్ణించడం పరిపాటి అయింది. ఆ వర్ణన చారిత్రకంగా నిలవదు. రేపటి వాతావరణాన్ని చెప్పడానికి తయారైన పరికరాన్ని దశాబ్దాల మార్పును కొలవడానికి వినియోగించుకున్నారు. ఆ రెండు పనులకూ కావలసిన నిలకడ ఒకటి కాదు. వివాదంలోని ప్రతి మలుపూ ఈ అంతరం నుంచే పుట్టింది. ఉపగ్రహ ఉష్ణోగ్రత అన్న అంకె దొరికిన వస్తువు కాదు, దిద్దుబాట్ల మీద దిద్దుబాట్లుగా నిర్మించిన వస్తువు.

పరిభాష విషయంలో ఒక మాట. తెలుగులో ‘వాతావరణం’ అన్న ఒక్క పదమే గాలి పొరకూ, రోజువారీ ఎండవానలకూ, పత్రికా భాషలో దీర్ఘకాలిక మార్పుకూ చెల్లుతోంది. ఈ వ్యాసంలోని వాదమంతా ఈ భేదం మీదనే ఆధారపడినందున, దీర్ఘకాలిక సగటు స్థితికి ‘శీతోష్ణస్థితి’ అన్న పాఠ్యపుస్తకాల పదాన్నే వాడుతున్నాను.

గాలిని తాకకుండా కొలవడం

హైదరాబాదు, విశాఖపట్నం వంటి కేంద్రాల నుంచి ఎగరవేసే బెలూన్‌కు వేలాడే రేడియోసాండ్ తాను దాటిపోతున్న గాలిని తాకి, అక్కడి ఉష్ణోగ్రతను అక్కడికక్కడ పంపుతుంది. సుమారు 850 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహానికి ఆ అవకాశం లేదు. దానికి చేరేది వికిరణం మాత్రమే. ఆ వికిరణం ఏ ఎత్తునుంచి వచ్చిందో దానిమీద రాసి ఉండదు.

ఈ చిక్కుకు దారి చూపినవారు ఇద్దరు. ఉపగ్రహాలు ఇంకా ఎగరని 1956లో జీన్ కింగ్, భూమిని వేర్వేరు కోణాల్లో చూస్తే వేర్వేరు లోతుల ఉష్ణోగ్రత తెలుస్తుందని సూచించాడు. 1959లో లూయిస్ కప్లాన్ కోణానికి బదులు తరంగదైర్ఘ్యాన్ని ఎంచుకున్నాడు. కార్బన్ డై ఆక్సైడ్ 15 మైక్రాన్ల దగ్గర పరారుణ వికిరణాన్ని బలంగా శోషిస్తుంది. శోషణ తీవ్రంగా ఉన్న తరంగదైర్ఘ్యంలో కింది పొరల వికిరణం పైకి రాలేదు, పై పొరలదే అందుతుంది. శోషణ బలహీనపడే అంచుల్లో కింది పొరలు బయటపడతాయి. కొన్ని తరంగదైర్ఘ్యాల్లో విడివిడిగా కొలిచి, ఆ కొలతల నుంచి వెనక్కి లెక్కకట్టి ఎత్తువారీ ఉష్ణోగ్రతను రాబట్టవచ్చునన్నది కప్లాన్ ఆలోచన. ఈ వెనుకకు లెక్కకట్టడంలోనే అసలు సమస్య దాగి ఉంది. కొన్ని కొలతలతో సరిపోయే ఉష్ణోగ్రతా చిత్రాలు అసంఖ్యాకంగా ఉంటాయి. వాటిలో ఒకదాన్ని ఎంచుకోవాలంటే వాతావరణం సాధారణంగా ఎలా ఉంటుందన్న పూర్వజ్ఞానాన్ని లెక్కలోకి చేర్చక తప్పదు. అంటే ఉపగ్రహ ఉష్ణమానంలో ఊహకు చోటు 1990ల వివాదాలతో వచ్చింది కాదు, మొదటినుంచీ ఉన్నదే.

1969 ఏప్రిల్‌లో ఎగిరిన నింబస్-3 ఉపగ్రహంలోని పరారుణ వర్ణపటమాపకం ఈ ఆలోచనను నిజం చేసింది. జమైకాలోని కింగ్‌స్టన్ వద్ద బెలూన్ ఇచ్చిన ఉష్ణోగ్రతలతో ఉపగ్రహం నుంచి రాబట్టిన ఉష్ణోగ్రతలు చాలావరకు సరిపోయాయి. అయితే మేఘం అడ్డువస్తే పరారుణ చూపు అక్కడే ఆగిపోతుంది. అందుకే దృష్టి ఆక్సిజన్ వైపు మళ్లింది. ఆక్సిజన్ అణువు 60 గిగాహెర్ట్జ్ పరిసరాల్లో మైక్రోవేవ్ వికిరణాన్ని శోషిస్తుంది, ఉద్గారిస్తుంది. వాతావరణంలో దాని పాలు ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. భారీ వర్షపు మేఘాలను మినహాయిస్తే తక్కిన మేఘాలు ఈ తరంగాలకు పెద్ద అడ్డంకి కావు. ఈ మార్గాన్ని మీక్స్, లిల్లీ అనే ఖగోళ పరిశోధకులు 1963లో లెక్కకట్టి చూపారు. మాసచూసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన డేవిడ్ స్టేలిన్ బృందం రూపొందించిన ఐదు ఛానళ్ల పరికరం 1972 డిసెంబరులో నింబస్-5 మీద ఎగిరింది. 1975లో నింబస్-6 మీద దాని తరువాతి రూపం వచ్చింది. ఈ రెండూ ప్రయోగాత్మకాలు.

నిత్య వినియోగానికి వచ్చినది మూడోది. అమెరికా జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాల తయారుచేసిన ఆ పరికరమే మైక్రోవేవ్ సౌండింగ్ యూనిట్. 1978 అక్టోబరు 13న టైరోస్-ఎన్ ఉపగ్రహంతో అది కక్ష్యకు చేరింది.

తొమ్మిది పరికరాల గొలుసు

పరికరం నిర్మాణం సరళమైనది. 50.30, 53.74, 54.96, 57.95 గిగాహెర్ట్జ్‌ల వద్ద నాలుగు ఛానళ్లు. ఉపగ్రహం ముందుకు సాగుతుండగా దాని అద్దం ఎడమనుంచి కుడికి పదకొండు చోట్ల ఆగి చూస్తుంది. నేరుగా కిందికి చూసినప్పుడు ఒక్కో చూపు సుమారు 110 కిలోమీటర్ల వెడల్పు నేలను కప్పుతుంది. పదకొండు చూపులయ్యాక అద్దం శూన్యాకాశం వైపు తిరుగుతుంది. అక్కడి ఉష్ణోగ్రత 2.7 కెల్విన్ అని ముందే తెలుసు. ఆ తరువాత పరికరంలోనే అమర్చిన ఒక వెచ్చని లక్ష్యం వైపు తిరుగుతుంది. దాని ఉష్ణోగ్రతను ప్లాటినం నిరోధ ఉష్ణమాపకాలు చెబుతాయి. ఈ రెండు తెలిసిన బిందువుల మధ్య గీసిన గీత మీద భూమి నుంచి వచ్చిన సంకేతాన్ని ఉంచితే ఉష్ణోగ్రత వస్తుంది. 25.6 సెకన్లకొకసారి ఈ తంతు పునరావృతమవుతుంది. తన్ను తాను ఇంత తరచుగా సరిచూసుకునే పరికరం కనుకనే స్పెన్సర్, క్రిస్టీలకు దానిమీద అంత నమ్మకం కుదిరింది. అది అకారణమైన నమ్మకం కాదు.

ఈ చరిత్రలో ముఖ్యపాత్ర రెండో ఛానల్‌ది. 53.74 గిగాహెర్ట్జ్ వద్ద అందే వికిరణంలో అధికభాగం ట్రోపోఆవరణపు మధ్య పొరల నుంచి వస్తుంది. కాని కొంత నేల నుంచీ, సుమారు పదో వంతు స్ట్రాటోఆవరణం నుంచీ కలుస్తాయి. నాలుగో ఛానల్ పూర్తిగా పైనున్న స్ట్రాటోఆవరణాన్ని చూస్తుంది. 1982లో మెక్సికోలోని ఎల్ చిచోన్, 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతాలు బద్దలైనప్పుడు ఆ పొర వేడెక్కి మళ్లీ చల్లబడిన తీరు ఈ ఛానల్ వరుసలో శిఖరాల్లా నిలిచి కనిపిస్తుంది. స్ట్రాటోఆవరణం మొత్తంమీద చల్లబడుతూ వచ్చిందన్న విషయంలో ఏ రెండు బృందాల మధ్యా తగువు లేదు. తగువంతా రెండో ఛానల్‌తోనే.

టైరోస్-ఎన్ తరువాత నోవా-6, 7, 8, 9, 10, 11, 12, 14 ఉపగ్రహాల మీద ఇదే నమూనా పరికరాలు పనిచేశాయి. మొత్తం తొమ్మిది. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి భూమధ్యరేఖను దాటేలా జంటలుగా నడిపేవారు. ఒకటి మూలపడే లోపు మరొకటి చేరేది. వాతావరణ సూచనకు ఈ ఏర్పాటు చాలినంత. ఎందుకంటే సూచన తయారుచేసేవారికి ఈ రోజు చెన్నై మీద గాలి నిన్నటికంటే, పక్క ప్రాంతానికంటే ఎంత వెచ్చగా ఉందన్నది ముఖ్యం. పరికరంలో డిగ్రీలో పదో వంతు పొరపాటు ఉంటే అది వారి పనికి అడ్డు రాదు. శీతోష్ణస్థితి పరిశోధకుడికి ఆ పదో వంతే సర్వస్వం. దశాబ్దం మొత్తం మీద అతడు వెదికే మార్పు పరిమాణం అంతే.

తొమ్మిది పరికరాల కొలతలను ఒక్క వరుసగా అతకడమంటే ఒక ఊరి సోలతో మొదలుపెట్టిన ధాన్యపు కొలతను దారిలో ఎనిమిది ఊళ్ల సోలలు మార్చి పూర్తిచేయడం వంటిది. సోలకూ సోలకూ తేడా ఎంతో తెలియాలంటే రెంటితోనూ ఒకే గింజలను కొలిచి చూడాలి. రెండు ఉపగ్రహాలు ఏకకాలంలో పనిచేసిన నెలలు అందుకు పనికొస్తాయి. కొన్ని జంటలకు ఆ అవకాశం ఏళ్ల తరబడి దొరికింది. నోవా-9 విషయంలో మాత్రం చాలా తక్కువ కాలమే దొరికింది. ఆ చిన్న అతుకు దగ్గర తీసుకున్న నిర్ణయం తరువాతి వరుస మొత్తాన్ని పైకో కిందికో జరుపుతుంది. రెండు పరిశోధక బృందాల ధోరణుల మధ్య పెద్ద తేడా నోవా-9 వద్దే పుట్టిందని తరువాతి విశ్లేషణల్లో బయటపడింది.

చల్లబడుతున్న భూమి?

1990 నాటి వ్యాసానికి గుర్తింపు త్వరగానే వచ్చింది. మరుసటి ఏడాది నాసా ఆ ఇద్దరికీ విశిష్ట వైజ్ఞానిక కృషి పతకం ఇచ్చింది. నేల మీది ఉష్ణమాపకాలు నగరాల వేడికి లోనవుతాయని, సముద్రాలమీద చాలినన్ని లేవని విమర్శ ఉన్న రోజులవి. ఉపగ్రహం భూమి నలుమూలలనూ ఒకే కంటితో చూస్తుంది. ఆ ఒకే కన్ను నిజానికి తొమ్మిది కళ్లన్న సంగతి ఆనాడు చర్చలో వెనుకబడింది.

రెండో ఛానల్‌లోని స్ట్రాటోఆవరణ కలగలుపును తొలగించడానికి స్పెన్సర్, క్రిస్టీలు 1992లో ఒక చమత్కారమైన పద్ధతి ప్రవేశపెట్టారు. పదకొండు చూపుల్లో చివరన ఉన్నవి వాతావరణాన్ని ఏటవాలుగా, దీర్ఘమైన దారిలో చూస్తాయి కనుక వాటికి పై పొరల వాటా ఎక్కువ. నడిమికి దగ్గరగా ఉన్నవి లోతుకు చూస్తాయి. లోపలి నాలుగు చూపుల సగటును నాలుగు రెట్లు చేసి, అంచు నాలుగు చూపుల సగటును మూడు రెట్లు చేసి తీసివేస్తే, పై పొరల ప్రభావం దాదాపు రద్దయి, నేలకు దగ్గరి గాలి ఉష్ణోగ్రత మిగులుతుంది. గణితపరంగా ఇందులో దోషం లేదు. కాని రెండు కొలతల మధ్య సూక్ష్మమైన తేడాను మూడు నాలుగు రెట్లు పెంచే ఏ లెక్కయినా, ఆ కొలతల్లో దాగిన సూక్ష్మమైన తప్పును కూడా అన్ని రెట్లు పెంచుతుంది.

ఈ పద్ధతిలో వచ్చిన వరుస 1979 నుంచి 1995 వరకు దశాబ్దానికి 0.05 డిగ్రీల చొప్పున చల్లబడుతున్నట్లు చూపింది. అదే కాలంలో నేలమీది కొలతలు దశాబ్దానికి సుమారు 0.13 డిగ్రీల పెరుగుదలను చూపాయి. 1997 డిసెంబరులో క్యోటో ఒప్పందం కుదిరింది. ఉద్గారాలపై పరిమితులు వద్దన్నవారికి ఉపగ్రహ వరుస బలమైన ఆధారమైంది. అమెరికా కాంగ్రెస్ విచారణల్లోనూ అది చర్చకు వచ్చింది. దశాబ్దానికి డిగ్రీలో కొన్ని నూరో వంతుల మీద ప్రపంచ విధానం ఆధారపడిన అరుదైన సందర్భం ఇది. అదే 1997లో జేమ్స్ హరెల్, కెవిన్ ట్రెన్‌బర్త్‌లు ‘నేచర్’ పత్రికలో ఉపగ్రహాలను అతికిన చోట్ల కృత్రిమమైన మెట్లు ఏర్పడి ఉండవచ్చునని అభ్యంతరం చెప్పారు. వారి అభ్యంతరం గణాంకపరమైనది. భౌతిక కారణం ఇంకా దొరకలేదు.

కక్ష్య జారితే

ఆ కారణం 1998 ఆగస్టులో దొరికింది. కాలిఫోర్నియాలోని రిమోట్ సెన్సింగ్ సిస్టమ్స్ అనే చిన్న సంస్థలో పనిచేస్తున్న ఫ్రాంక్ వెంట్జ్, మథియాస్ షాబెల్‌లు ‘నేచర్’లో ప్రచురించిన వ్యాసం విషయం అతి సాధారణమైనది: ఉపగ్రహాలు కిందికి జారుతున్నాయి. 850 కిలోమీటర్ల ఎత్తున కూడా పలుచని గాలి ఉంటుంది. సూర్యుడు ఉద్రిక్తంగా ఉన్న సంవత్సరాల్లో ఆ గాలి ఉబ్బి ఉపగ్రహాన్ని మరింతగా నిరోధిస్తుంది. కక్ష్య కొన్ని కిలోమీటర్లు తగ్గుతుంది. ఎత్తు తగ్గినప్పుడు అంచు చూపులు నేలను తాకే కోణం మారుతుంది, ఏటవాలు తగ్గుతుంది, దారి పొట్టిదవుతుంది, చూపు మరింత లోతుకు, మరింత వెచ్చని గాలిలోకి పోతుంది. అంచు చూపుల సగటు అలా పెరిగితే, మూడు రెట్లు చేసి తీసివేసే మొత్తమూ పెరుగుతుంది. ఫలితం: భూమి చల్లబడకుండానే అంకె చల్లబడుతుంది.

ఈ ఒక్క దిద్దుబాటుతో దశాబ్దానికి 0.05 డిగ్రీల తగ్గుదల 0.07 డిగ్రీల పెరుగుదలగా మారింది. 1992 నాటి పద్ధతి చమత్కారమే దాని బలహీనత కూడా అయింది. నడిమి చూపులకు ఈ జారుడు దాదాపు తగలలేదు.

హంట్స్‌విల్‌లోని అలబామా విశ్వవిద్యాలయ బృందం, అంటే స్పెన్సర్, క్రిస్టీల బృందం, ఈ దిద్దుబాటును అంగీకరించింది. అయితే తాము స్వయంగా గుర్తించిన మరికొన్ని ప్రభావాలకు కూడా దిద్దుబాట్లు చేర్చడంతో పెరిగిన ధోరణిలో కొంత భాగం మళ్లీ తగ్గింది. వీటిలో ఒకటి ఆసక్తికరం. కక్ష్య పక్కకు జరిగేకొద్దీ ఉపగ్రహం మీద ఎండపడే తీరు మారుతుంది, పరికరం దేహమే వేడెక్కుతుంది లేదా చల్లబడుతుంది. సరిచూసుకోవడానికి అమర్చిన వెచ్చని లక్ష్యం ఉష్ణోగ్రతతో పాటు కొలత కూడా స్వల్పంగా మారుతున్నట్లు తేలింది. ప్రతి 25.6 సెకన్లకూ తన్ను తాను సరిచూసుకుంటుందన్న నమ్మకానికి అది తొలి దెబ్బ.

2000 సంవత్సరం ఆరంభంలో జాన్ వాలస్ అధ్యక్షతన అమెరికా జాతీయ పరిశోధనా మండలి నిపుణుల సంఘం నివేదిక ఇచ్చింది. నేలమీది వేడెక్కుదల నిస్సందేహంగా వాస్తవమని, ఉపగ్రహ వరుసతో తేడా దాన్ని రద్దుచేయదని చెప్పింది. ఇరువైపుల వాదాలనూ జాగ్రత్తగా తూచిన నివేదిక అది. అయినా ఆ తేడా ఎందుకు ఉందన్న ప్రశ్నకు జవాబు నివేదికల్లో దొరికేది కాదు. రెండో బృందం మూల దత్తాంశాన్ని మొదటినుంచీ తిరిగి లెక్కకట్టవలసి ఉంది.

మరచిపోయిన మూడో లెక్క

ఈ చరిత్రను రెండు బృందాల మధ్య పోటీగా చెప్పేటప్పుడు తరచుగా జారిపోయే పేరు ఒకటుంది. నాసా గొడార్డ్ కేంద్రానికి చెందిన కడప ప్రభాకర నింబస్ ఉపగ్రహాల కాలం నుంచీ పరారుణ, మైక్రోవేవ్ దత్తాంశాలతో పనిచేసినవారు. తెలుగు పాఠకులకు ఆ ఇంటిపేరు పరిచయం అక్కర్లేనిదే అయినా, ఇక్కడ ఆయన ప్రస్తావనకు కారణం అది కాదు. 1998 ప్రాంతంలో ఆయన, సహచరులు రెండో ఛానల్ దత్తాంశాన్ని స్వతంత్రంగా విశ్లేషించారు. వారి దృక్పథం గమనార్హం. తప్పులను రెండు తెగలుగా విడదీశారు: కాలంతో మారనివి, మారేవి. ఉపగ్రహాల క్రమాంకనంలోని తేడాలు, అవి భూమధ్యరేఖను దాటే వేళల్లోని తేడాలు మొదటి తెగ. వాటిని నేరుగా తొలగించారు. కక్ష్య నెమ్మదిగా జరగడం వల్ల వచ్చే రోజువారీ వేడిమి ప్రభావం, పరికరం వేడెక్కడం రెండో తెగ. వీటిని ఒక్కో ఉపగ్రహానికి విడివిడిగా నిర్ధారించలేమని ఒప్పుకొని, వాటి మొత్తం ప్రభావాన్ని మాత్రమే పరోక్షంగా అంచనా కట్టారు.

1980 నుంచి 1997 వరకు దశాబ్దానికి 0.12 డిగ్రీల పెరుగుదల, అటూ ఇటూ 0.06 డిగ్రీల అనిశ్చితి: ఇది వారి ఫలితం. అలబామా వరుస దాదాపు చలనం లేదని చెబుతున్న కాలంలో వచ్చిన ఈ అంకెకు అప్పట్లో దక్కవలసినంత ప్రాధాన్యం దక్కలేదు. వారి పద్ధతి స్థూలమైనదన్న విమర్శలో కొంత న్యాయం ఉంది. కాని 2003లో మియర్స్, షాబెల్, వెంట్జ్‌లు తమ తొలి సమగ్ర విశ్లేషణను ప్రచురించినప్పుడు, 1979 నుంచి 2001 వరకు దశాబ్దానికి 0.097 డిగ్రీలు అన్న తమ ఫలితం ప్రభాకర బృందం ఫలితానికి స్థూలంగా దగ్గరగా, క్రిస్టీ, స్పెన్సర్‌ల ఫలితానికి దూరంగా ఉందని స్పష్టంగా రాశారు. ఒక పరిశోధన వెంటనే ఆమోదం పొందకపోయినా, మరొకరు వేరే దారిలో వచ్చి అదే చోటికి చేరినప్పుడు దానికి చరిత్రలో స్థానం ఏర్పడుతుంది. చరిత్రకారులు ఆ స్థానాన్ని నమోదు చేయవలసి ఉంది.

2003, 2004 సంవత్సరాల్లో ఈ రంగం దాదాపు కిక్కిరిసింది. కాన్‌స్టాంటిన్ విన్నికోవ్, నార్మన్ గ్రోడీలు మరింత ఎక్కువ పెరుగుదలను చూపారు. చియాంగ్ ఫూ, సహచరులు అంచు చూపుల చమత్కారాన్ని పక్కనపెట్టి, స్ట్రాటోఆవరణపు వాటాను నాలుగో ఛానల్ సాయంతో తీసివేసే పద్ధతిని ప్రతిపాదించారు. ఒకే మూలదత్తాంశం నుంచి ఇన్ని అంకెలు రావడం చూసి బయటివారు విస్తుపోయారు. లోపలివారికి మాత్రం తేడా ఎక్కడుందో క్రమంగా దొరుకుతోంది.

మధ్యాహ్నం సాయంత్రమైతే

చివరి మలుపు గడియారానికి సంబంధించినది. మధ్యాహ్నపు ఉపగ్రహం రోజూ ఒకే స్థానిక సమయానికి భూమధ్యరేఖను దాటాలన్నది ఉద్దేశం. ఆ వేళను నిలబెట్టే ఇంధనం ఈ ఉపగ్రహాలకు లేదు. ఏళ్లు గడిచేకొద్దీ రెండు గంటలకు దాటవలసినది మూడు, నాలుగు, కొన్నింటికి అంతకంటే ఆలస్యంగా దాటేది. మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి నేల చల్లబడుతుంది. ప్రతి ఏడాదీ కొంచెం ఆలస్యంగా కొలిస్తే, ప్రతి ఏడాదీ కొంచెం చల్లగా కనిపిస్తుంది. ఈ కృత్రిమపు చల్లదనాన్ని పూడ్చడానికి కొంత కలపాలి. ఎంత కలపాలో తెలియాలంటే వాతావరణంలోని ప్రతి చోటా గంటగంటకూ ఉష్ణోగ్రత ఎలా మారుతుందో తెలియాలి.

అలబామా బృందం ఈ సమాచారాన్ని పరికరం చూపుల నుంచే రాబట్టింది. ఒకే వరుసలో ఎడమ అంచు, కుడి అంచు వేర్వేరు స్థానిక వేళలను చూస్తాయి; వాటి తేడానే రోజువారీ మార్పుగా తీసుకున్నారు. రిమోట్ సెన్సింగ్ సిస్టమ్స్ బృందం ఒక శీతోష్ణస్థితి నమూనా నుంచి గంటవారీ ఉష్ణోగ్రతలను తీసుకుంది. పైకి చూస్తే మొదటి పద్ధతి స్వచ్ఛమైన పరిశీలన, రెండోది నమూనా ఆధారితం. కాని మొదటి పద్ధతిలో ఎడమ కుడి చూపుల మధ్య ఉన్న అతిసూక్ష్మమైన అసమానత కూడా రోజువారీ మార్పుగా చెలామణి అవుతుంది. ఉష్ణమండలంలో జరిగింది అదే. కింది వాతావరణపు వరుసలో దిద్దుబాటు తలకిందులైంది. 2005 ఆగస్టులో మియర్స్, వెంట్జ్‌లు చూపిన దోషం ఇది. నమూనాను నమ్మినవారు సరైన గుర్తును చేరుకున్నారు, పరిశీలనను మాత్రమే నమ్మామనుకున్నవారు తప్పు గుర్తును చేరుకున్నారు. వివాదాన్ని నమూనాకూ పరిశీలనకూ మధ్య పోరుగా చెప్పడం ఎందుకు కుదరదో ఇక్కడే తేలుతుంది.

క్రిస్టీ, స్పెన్సర్‌లు దోషాన్ని అంగీకరించి కొత్త వరుసను విడుదల చేశారు. వారి ధోరణి దశాబ్దానికి సుమారు 0.09 నుంచి 0.12 డిగ్రీలకు పెరిగింది. మియర్స్, వెంట్జ్‌ల అంకె 0.19. తేడా పూర్తిగా పోలేదు, కాని గుర్తు గురించిన తగువు ముగిసింది. అదే సంచికలో స్టీవెన్ షెర్‌వుడ్ బృందం వ్యాసం కూడా ఉంది. పగటి ఎండ రేడియోసాండ్ సంవేదకాన్ని వేడెక్కిస్తుందని, పరికరాలు మెరుగుపడేకొద్దీ ఆ అదనపు వేడి తగ్గి, బెలూన్ల వరుసలో కూడా లేని చల్లదనం చేరిందని వారు చెప్పారు. అంతవరకు అలబామా వరుసకు స్వతంత్ర సాక్ష్యంగా బెలూన్లను చూపేవారు. ఒకే రోజుల్లో వాదమూ, సాక్ష్యమూ రెండూ సవరణకు గురయ్యాయి.

ఈ పరిణామంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఒక సంస్థాగత వాస్తవం. మూల దత్తాంశం నోవా వద్ద అందరికీ అందుబాటులో ఉండేది. పద్ధతులను ప్రచురించేవారు. ఒక బృందపు పొరపాటును మరో బృందం పట్టుకోగలగడానికి ఇవే కారణాలు. వ్యక్తుల మంచి చెడ్డలకు అందులో పాత్ర స్వల్పం.

2005 తరువాత

1998 మేలో నోవా-15తో పదిహేను ఛానళ్ల కొత్త తరం పరికరం కక్ష్యకు చేరింది. పాత తరం పరికరాల్లో చివరిదైన నోవా-14 ఆ తరువాత కొన్నేళ్లకు విశ్రమించింది. 2002లో ఎగిరిన ఆక్వా, ఐరోపా వారి మెటాప్ ఉపగ్రహాలకు కక్ష్యను నిలబెట్టుకునే ఇంధనం ఉండటంతో గడియారపు సమస్య అక్కడ చాలాకాలం తలెత్తలేదు. అలబామా వరుస 2015లోనూ, రిమోట్ సెన్సింగ్ సిస్టమ్స్ కింది వాతావరణ వరుస 2017లోనూ మళ్లీ సవరించబడ్డాయి. రెండోది మరింత వేడెక్కుదలను చూపింది. దిద్దుబాట్లన్నీ ఒకే దిశలో సాగుతాయని అనుకోరాదు. నోవాకు చెందిన చెంగ్-జీ జౌ బృందం 2023లో స్థిరకక్ష్య ఉపగ్రహాలను ప్రామాణికంగా పెట్టుకుని గతానికి వెనక్కి అతుక్కుంటూ పోయింది. మధ్య ట్రోపోఆవరణానికి దశాబ్దానికి 0.09 డిగ్రీల పరిసరాల్లో వారి ఫలితం వచ్చింది. అది వారి పాత వరుసకంటే తక్కువ, అలబామా వరుసకు దగ్గర. వేడెక్కుదల ఉందన్న విషయంలో సందేహం లేదు. ఎంతన్న దానిలో మాత్రం ఉపగ్రహ వరుసల మధ్య దూరం ఇంకా మిగిలే ఉంది.

భారతదేశం ఈ గొలుసులోకి ఆలస్యంగా, వేరే ద్వారం గుండా ప్రవేశించింది. 2013 జూలైలో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఎగిరిన ఇన్సాట్-3డి మీద 19 ఛానళ్ల సౌండర్ ఉంది. 2016లో ఇన్సాట్-3డిఆర్, 2024లో ఇన్సాట్-3డిఎస్ అదే కోవకు చెందిన సౌండర్లతో శ్రీహరికోట నుంచి ఎగిరాయి. ఇవి భూస్థిర ఉపగ్రహాలు. మన ప్రాంతాన్ని రోజులో అన్ని వేళలా చూస్తాయి కనుక, నోవా ఉపగ్రహాలను వేధించిన గడియారపు జారుడు వీటికి లేదు. ఉపఖండం మీద గంటగంటకూ ఉష్ణోగ్రత ఎలా మారుతుందన్న ప్రశ్నకు, అంటే 2005 నాటి వివాదానికి కేంద్రమైన ప్రశ్నకే, వీటి దత్తాంశంలో నేరుగా జవాబు వెదకవచ్చు. వీటివి పరారుణ ఛానళ్లు, వర్షాకాలపు మేఘాలు అడ్డు తగులుతాయి, చూపు ఒక ప్రాంతానికే పరిమితం. ఒకే కోవకు చెందిన మూడు పరికరాలు ఒకదాని వెంట ఒకటి వచ్చినందున, వాటి మధ్య అతుకుల సమస్య కూడా అప్పుడే మొదలైంది. తిరుపతి దగ్గరి గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాలలో ఎం.ఎస్.టి. రాడార్, లైడార్, బెలూన్ కొలతలు దీర్ఘకాలంగా సాగుతున్నాయి. ఈ అతుకులను సరిచూడడానికి ఒకే గింజలను రెండు సోలలతో కొలిచే అవకాశం అక్కడ ఉంది.